రిమార్కుల కాలమ్ లేని పోర్టళ్ళు

గత డిసెంబరు మొదటి వారంలో ఒక రాత్రి బందరులో మేము చూసిన దృశ్యం మనసును వదలడం లేదు. ఇషా నమాజు ముగిసి చాలాసేపయినా ఒక నెట్ సెంటరులో దీపాలు ఆరలేదు. కోడూరు వైపు నుండి, గుడివాడ వైపు నుండి వచ్చిన నలుగురైదుగురు పెద్దలు గుడ్డసంచుల్లో కాగితాలు పెట్టుకొని బెంచీల మీద కూర్చొని ఉన్నారు. అందరూ తమ తమ ఊళ్ళలోని మస్జిదులకో, ఖబరస్తానులకో ముతవల్లీలు. వక్ఫ్ ఆస్తుల వివరాలను ‘ఉమీద్’ పోర్టల్‌లో ఎక్కించే గడువు 6వ తేదీతో ముగుస్తున్నది. తెర మీద చిన్న చక్రం తిరుగుతూనే ఉన్నది. వారిలో ఒక పెద్దాయనకు రావలసిన ఓటీపీ కువైట్‌లో ఉన్న కొడుకు ఫోనుకు పోయింది. ఆ కొడుకు పనిలో ఉన్నాడు.

ఆ పోర్టల్ 2025 జూన్ 6న ప్రారంభమయింది. ఆరు నెలల తరువాత కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన లెక్క ఇది: నమోదు మొదలుపెట్టిన ఆస్తులు 5,17,040. వాటిలో ఆమోదం పొందినవి 2,16,905. వివరాలు సమర్పించినా తనిఖీలో ఉన్నవి 2,13,941. తిరస్కరించినవి 10,869. మేము గుమాస్తాగా బ్రతికినవాళ్ళం గనుక కూడి చూడడం అలవాటు. ఆమోదించినవీ, ఆగినవీ, తిరస్కరించినవీ కలిపితే 4,41,715. అంటే మొదలుపెట్టి మధ్యలో నిలిచిపోయినవి 75 వేలకు పైమాటే. అంతకు ముందు నుండి ఉన్న ‘వామ్సీ’ పోర్టల్‌లో సుమారు 8.72 లక్షల వక్ఫ్ స్థిరాస్తుల వివరాలు ఉన్నట్లు ప్రభుత్వమే పార్లమెంటులో చెప్పింది. ఆ లెక్కతో పోల్చితే దాదాపు మూడున్నర లక్షల ఆస్తులు కొత్త పోర్టల్ గడపైనా తొక్కలేదు.

ఇక్కడ మేము వక్ఫ్ సవరణ చట్టం మంచిచెడ్డల జోలికి పోవడం లేదు. ఆ చర్చ న్యాయస్థానంలో ఉన్నది. సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 15 నాటి మధ్యంతర ఉత్తర్వులో కొన్ని నిబంధనలను నిలిపినా నమోదు నిబంధనను నిలపలేదు. డిసెంబరు 1న గడువు పొడిగింపునకు అంగీకరించక, చట్టంలోనే ఉన్న వెసులుబాటు ప్రకారం వక్ఫ్ ట్రైబ్యునల్‌ను ఆశ్రయించమన్నది. నమోదు జరగవలసినదే. మేము అడుగుతున్న ప్రశ్న వేరు. ఇటువంటి సమాచార వ్యవస్థలను ప్రభుత్వ కార్యాలయాలలో ఎవరు, ఎక్కడ కూర్చొని, ఏమి చూసి ప్రణాళిక వేస్తున్నారు? ఆ ప్రణాళిక వేసే బల్ల దగ్గర మన కుర్చీ ఏది?

మేము ముప్పై ఏళ్ళకు పైగా ఈ కృష్ణా డెల్టాలోనే ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేశాము. అది ఏ శాఖ అన్నది ఇక్కడ అప్రస్తుతం. చేతి రాత రిజిస్టర్ల కాలంలో చేరి, కంప్యూటర్ తెరల కాలంలో పదవీ విరమణ చేశాము. ఇప్పుడు సాయంత్రాలు మస్జిదు ఆవరణలో కూర్చొని దరఖాస్తులు నింపి పెడుతున్నాము. అంటే ఒకే బల్లకు రెండు వైపులా కూర్చున్న అనుభవం మాది. ఆ అనుభవంతోనే ఈ నాలుగు మాటలు.

ముందుగా ఒక న్యాయం చెప్పాలి. కంప్యూటర్ పేదవాడికి శత్రువు కాదు. 1998 నవంబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రిజిస్ట్రేషన్ శాఖలో ‘కార్డ్’ పథకం వచ్చినప్పుడు మేము చూశాము. అంతకు ముందు ఒక ఈసీ కావాలంటే రోజులు పట్టేది. సంపుటాలు తిరగేసి చేత్తో వ్రాసేవారు. తిరగేసేవాని చేతిలో ఏదో ఒకటి పెట్టవలసి వచ్చేది. మొదటి విడతలోనే రెండు వందలకు పైగా సబ్ రిజిస్ట్రారు కార్యాలయాలలో ఆ పని నిమిషాల మీదికి వచ్చింది. 2006లో కేంద్రం జాతీయ ఈ-పరిపాలన ప్రణాళికను ఆమోదించింది. 2011 నవంబరులో చిత్తూరు జిల్లాలో మొదలైన ‘మీసేవ’ తరువాత రాష్ట్రమంతటికీ పాకింది. 2019 అక్టోబరు 2 నుండి గ్రామ, వార్డు సచివాలయాలు వచ్చాయి. 2025 జనవరి 30న వాట్సాప్ ద్వారా సేవలందించే ‘మన మిత్ర’ వచ్చింది. వీటివల్ల ఆదాయ ధ్రువపత్రం కోసం తాలూకా కార్యాలయం చుట్టూ తిరిగే అవసరం తగ్గింది. ఆ మేలును కాదనము.

అయితే ఈ వ్యవస్థలు మంచిచెడ్డలుగా మారేది తెర వెలిగిన రోజున కాదు. అంతకు ఏడాది ముందు వాటి ప్రణాళిక వ్రాసిన రోజున. ఆ ప్రణాళిక ఎలా తయారవుతుందో దిగువ కుర్చీలో నుండి మాకు కనిపించినంతవరకు చెబుతాము.

మొదట పైనుండి ఒక లక్ష్యం వస్తుంది. దానికి ఒక తేదీ ఉంటుంది. ఆ తేదీ పనిని కొలిచి పెట్టినది కాదు. చట్టంలోని గడువో, ప్రారంభోత్సవ ముహూర్తమో దానిని నిర్ణయిస్తుంది. ఆ తేదీ నుండి వెనక్కి లెక్కపెట్టుకుంటూ సలహా సంస్థ నివేదిక వ్రాస్తుంది. శాఖాధిపతులు దానిని చూస్తారు. టెండరు పిలుస్తారు. సాఫ్ట్‌వేర్ వస్తుంది. జిల్లా కేంద్రంలో ఒక పూట శిక్షణ ఉంటుంది. దానికి తరచుగా అధికారి వెళ్తాడు, పని చేయవలసిన గుమాస్తా వెళ్ళడు. ఆ తరువాత వీడియో కాన్ఫరెన్సులు మొదలవుతాయి. ఏ జిల్లా ఎంత శాతం పూర్తిచేసిందో రంగుల పట్టికలో కనిపిస్తుంది. ఎరుపులో ఉన్న జిల్లా అధికారికి చీవాట్లు పడతాయి. ఆ చీవాట్లు మెట్లు దిగి చివరకు గుమాస్తా నెత్తిన పడతాయి. గుమాస్తా ఏమి చేస్తాడు? సులభమైన దరఖాస్తులను ముందు పూర్తిచేస్తాడు. చిక్కున్నవాటిని పక్కన పెడతాడు. పట్టిక పచ్చబడుతుంది. చిక్కున్న మనిషి మాత్రం వరండాలోనే ఉండిపోతాడు.

ఈ క్రమంలో పథకానికి లక్ష్యం ఉన్నది, ఖర్చు అంచనా ఉన్నది, యంత్రాల లెక్క ఉన్నది. లేనిది ఒక్కటే: చిక్కున్న మనిషి లెక్క. మైనారిటీలు, మత్స్యకారులు, కౌలు రైతులు, ఒంటరి స్త్రీలు చాలాసార్లు ఆ చిక్కున్న మనుషులే.

మా ఉద్యోగ కాలంలోని ఒక చిన్న విషయంతో దీనిని వివరిస్తాము. మేము నిర్వహించిన చేతి రిజిస్టరులో చివరి కాలమ్ ‘రిమార్కులు’. పుస్తకం మొత్తంలో అసలైన పరిపాలన జరిగేది ఆ కాలమ్‌లోనే. “దరఖాస్తుదారుని తండ్రి పేరు రెండు రికార్డులలో రెండు విధములుగా ఉన్నది. గ్రామ పెద్దల సమక్షమున విచారించగా ఇరువురూ ఒక్కరే అని తేలినది” అని ఒక వాక్యం వ్రాసి, అధికారి చేత పొడి సంతకం చేయించుకుంటే ఆ కుటుంబం పని అయిపోయేది. నియమానికి లోబడని జీవితాన్ని నియమంలోకి తెచ్చే దారి అది. కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చిన మొదటి రోజున మేము ఆ కాలమ్ కోసం తెర మీద వెతికాము. లేదు. “సరిపోలినది”, “సరిపోలలేదు” అనే రెండే గడులు ఉన్నాయి. శిక్షణకు వచ్చిన యువకుడిని అడిగాము. పాపం, అతనికి మా ప్రశ్నే అర్థం కాలేదు. రిజిస్టరు ఎలా నడుస్తుందో అతనికి ఎవరూ చూపించలేదు. మమ్మల్ని ఎవరూ అడగలేదు. ఆ నెలలో ‘సరిపోలలేదు’ గడిలో పడిన పేర్లలో మనవాళ్ళవి ఎన్నో మేము వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాము. వేళ్ళు చాలలేదు.

మన పేర్లే ఎందుకు సరిపోలవో ఆలోచించండి. తెలుగునాట ఇంటిపేరు ముందు వస్తుంది. మనలో ‘షేక్’ ఇంటిపేరు స్థానంలో కూర్చుంటుంది. ఇంగ్లీషు అక్షరాలలో దానిని వ్రాసే పద్ధతులు నాలుగైదు ఉన్నాయి. ఆధార్‌లో ‘కె’తో ముగిసినది, పదో తరగతి మార్కుల జాబితాలో ‘కెహెచ్’తో ముగుస్తుంది. ‘మహమ్మద్’ ఒకచోట పూర్తిగా ఉంటుంది, మరొకచోట రెండక్షరాలకు కుదించి ఉంటుంది. ‘బీ’, ‘బేగం’, ‘ఉన్నీసా’ పెళ్ళికి ముందొక చోట, తరువాత ఒక చోట. గుడివాడలో చదువుకుంటున్న ఒక మెకానిక్ కూతురికి ఈ ఒక్క అక్షరం కారణంగా ఏడాది పాటు స్కాలర్‌షిప్ బ్యాంకు ఖాతాలో పడలేదు. డబ్బు మంజూరయింది. పేరు సరిపోలక వెనక్కి పోయింది. ఆ పిల్ల కళాశాలకూ, బ్యాంకుకూ, ఆధార్ కేంద్రానికీ తిరిగిన బస్సు చార్జీలను ఏ డ్యాష్‌బోర్డూ చూపించదు.

రిజర్వేషను విషయంలో ఈ చిక్కు మరింత లోతైనది. 2007 చట్టం ప్రకారం వెనుకబడిన ముస్లిం వర్గాలకు బీసీ-ఈ కింద 4 శాతం రిజర్వేషను ఉన్నది. అయితే ముస్లింలందరూ బీసీ-ఈ కారు. మన డెల్టాలో ఎందరో ఉన్న నూర్‌బాషా, దూదేకుల సోదరులు అంతకు ఎంతో ముందు నుండి బీసీ-బీలో ఉన్నారు. వారిలో చాలామంది పేర్లు వినడానికి పొరుగు హిందూ కుటుంబాల పేర్ల వలెనే ఉంటాయి. మతం గడిలో ఇస్లాం, కులం గడిలో దూదేకుల, పేరు గడిలో తెలుగు పేరు. ఈ మూడింటినీ ఒక్కచోట చూసిన అనుభవం లేని ఆపరేటరు “ఏదో తప్పు పడింది” అంటాడు. చూసిన అనుభవం ఉన్న గుమాస్తా ఒక్క నిమిషంలో పని ముగిస్తాడు. ఆ అనుభవాన్ని సాఫ్ట్‌వేర్ లోపలికి ఎక్కించడమే ప్రణాళిక అంటే. దానిని బయట వదిలేసి యంత్రాలు కొనడం ప్రణాళిక కాదు.

తిరిగి వక్ఫ్ విషయానికి వద్దాము. ఆ రాత్రి నెట్ సెంటరులో మేము కూర్చున్న దివిసీమ పెద్దాయన సంచిలో మూడు తరాల కాగితాలు ఉన్నాయి. 1860లలో ఇనాం కమిషన్ ఇచ్చిన టైటిల్ డీడు నకలు, ఇంగ్లీషులో. ఉర్దూలో వ్రాసిన ఒక పాత పత్రం, మడతల దగ్గర చిరిగినది. వక్ఫ్ గెజిట్‌లోని ఒక పుట జిరాక్సు. ఆ గెజిట్‌లో పాత సర్వే నంబరు ఉన్నది. 2020 డిసెంబరులో రాష్ట్రంలో మొదలైన భూముల రీసర్వే ఆ ఊరికి కూడా వచ్చింది. రీసర్వే పూర్తయిన గ్రామాలలో పాత సర్వే నంబర్లు పోయి ఎల్‌పీఎం నంబర్లు వచ్చాయి. ఆయన ప్రశ్న సూటిగా ఉన్నది: “అన్నగారూ, ఏ నంబరు వేయాలి? పాతది వేస్తే రెవెన్యూ రికార్డులో లేదంటారు. కొత్తది వేస్తే గెజిట్‌లో లేదంటారు.”

ఆ ప్రశ్నకు జవాబు ఆయన దగ్గర ఉండవలసిన అవసరం లేదు. అది ప్రభుత్వం దగ్గర ఉండాలి. భూమి ఒక్కటే. దానిని రెవెన్యూ శాఖ ఒక వ్యవస్థలో ఉంచింది. రిజిస్ట్రేషన్ శాఖ మరో వ్యవస్థలో, 22-ఏ నిషేధిత జాబితాలో ఉంచింది. వక్ఫ్ బోర్డు ఇంకో వ్యవస్థలో ఉంచింది. మూడూ ప్రజల సొమ్ముతో కట్టినవే. మూడూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. ఒక శాఖ నంబర్లు మార్చే ప్రణాళిక వేసినప్పుడు, ఆ నంబర్ల మీద ఆధారపడిన రెండో శాఖకు పాత, కొత్త నంబర్ల పొంతన పట్టిక పంపాలన్న ఆలోచన ప్రణాళికలోనే ఉండాలి. అది లేనప్పుడు ఆ పొంతన కుదిర్చే భారం చదువురాని ముతవల్లీ భుజాల మీద పడుతుంది. పాత పోర్టల్‌లో ఏళ్ళ తరబడి ఎక్కించిన వివరాలను కొత్తదానిలో ముందే నింపి, “ఇవి సరియేనా చూడండి” అని అడిగి ఉంటే సగం పని తగ్గేది. అందుకు బదులు మొదటి నుండి మళ్ళీ ఎక్కించమన్నారు. ముతవల్లీ ఎక్కించాలి, బోర్డు సిబ్బంది తనిఖీ చేయాలి, పై అధికారి ఆమోదించాలి. మూడంచెల పద్ధతి మంచిదే. కానీ మొదటి అంచెలో నిలబడినవాడి చేతిలో ఏమున్నది, అతని ఊరిలో సిగ్నల్ ఉన్నదా, అన్నది ఎవరు చూశారు?

మన సీమ భూగోళం తెలిసినవారు ఈ ప్రశ్నను తేలికగా తీసుకోరు. ఎదురుమొండి దీవి మనిషి కృష్ణ పాయ దాటి నాగాయలంక ఒడ్డుకు వస్తేగాని బస్సు ఎక్కలేడు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో దివిసీమ పల్లెలలో వేలాది మనుషులతోపాటు ఇళ్ళూ, పెట్టెలూ, పెట్టెలలోని కాగితాలూ పోయాయి. అంతకు ముందు 1864 తుఫాను బందరునే ముంచింది. “అసలు పత్రం జతపరచండి” అని తెర అడిగినప్పుడు “అది సముద్రంలో ఉన్నది” అని జవాబు వ్రాయడానికి అక్కడ గడి లేదు. రిమార్కుల కాలమ్ అంటే మేము చెప్పేది ఇదే.

దీనికి ఒక ఎదురు వాదన ఉన్నది. దానిని దాటవేయడం న్యాయం కాదు. “కఠినంగా లేకపోతే మోసాలు జరుగుతాయి. మీ స్కాలర్‌షిప్పులలోనే జరగలేదా?” అని అధికారులు అడుగుతారు. నిజమే, జరిగింది. 2023లో కేంద్ర మైనారిటీ వ్యవహారాల శాఖ 1,572 విద్యాసంస్థలను పరిశీలింపజేస్తే వాటిలో 830 బూటకమైనవో, పనిచేయనివో అని తేలింది. ఐదేళ్ళలో సుమారు 144 కోట్ల రూపాయలు దారి తప్పినట్లు లెక్క వేసి, వ్యవహారాన్ని సీబీఐకి అప్పగించారు. ఆ సొమ్ము మన పిల్లల నోటి దగ్గరి కూడు. దానిని తిన్నవాడు ఏ మతంవాడైనా దొంగే.

కానీ ఆ దొంగతనం ఎలా సాధ్యమయింది? జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో ఆధారాలు అడిగారు, ఖాతా నంబర్లు అడిగారు, సంస్థ స్థాయిలోనూ జిల్లా స్థాయిలోనూ ధ్రువీకరణ పెట్టారు. గడులన్నీ నిండాయి. గడులు నింపడంలో దొంగకు ఎప్పుడూ ఇబ్బంది ఉండదు. వాడికి ఆ విద్య బాగా తెలుసు. ఆ చిరునామాకు వెళ్ళి, అక్కడ బడి ఉన్నదా, బెంచీల మీద పిల్లలు ఉన్నారా అని చూడవలసిన మనిషి పని ప్రణాళికలో బలహీనంగా ఉన్నది. అక్కడ మోసం నిశ్చింతగా నడిచింది. ఇక్కడ గుడివాడ పిల్ల ఒక్క అక్షరం దగ్గర ఆగిపోయింది. ఒకే రకమైన వ్యవస్థ దొంగను లోపలికి రానిచ్చి, నిజాయితీపరుణ్ణి గుమ్మంలో నిలబెట్టింది. కఠినత్వం ఎక్కడ ఉండాలో అక్కడ లేకపోవడమే దీనికి కారణం. కనుక మేము అడిగేది సడలింపు కాదు. కఠినత్వాన్ని సరైన చోట పెట్టమంటున్నాము.

ఇది మన జిల్లా సమస్య మాత్రమే అనుకోనవసరం లేదు. ప్రభుత్వ రంగంలో సమాచార వ్యవస్థల మీద ఏళ్ళ తరబడి అధ్యయనం చేసిన మాంచెస్టర్ ఆచార్యుడు రిచర్డ్ హీక్స్ 2003లో ఒక అంచనా ప్రకటించారు. వర్ధమాన దేశాలలో ఈ-పరిపాలన పథకాలు 35 శాతం పూర్తిగా విఫలమవుతున్నాయనీ, 50 శాతం పాక్షికంగా విఫలమవుతున్నాయనీ, 15 శాతం మాత్రమే సఫలమవుతున్నాయనీ దాని సారాంశం. పథకాన్ని గీసిన కాగితానికీ, క్షేత్రంలోని వాస్తవానికీ మధ్య ఉన్న దూరమే వైఫల్యానికి మూలమని ఆయన వాదన. రాజధానిలో గీసిన మనిషికి ఆండ్రాయిడ్ ఫోను ఉంటుంది, ఒకే పేరు ఉంటుంది, ఒకే నంబరు ఉంటుంది. బందరులో నిలబడిన మనిషికి అవి ఉండవు.

ధనిక దేశాలకు కూడా ఈ జబ్బు తప్పలేదు. బ్రిటన్ తపాలా శాఖలో 1999 నుండి ‘హొరైజన్’ అనే కంప్యూటర్ వ్యవస్థ నడిచింది. దాని లెక్కలలో సొమ్ము తక్కువ చూపింది. యంత్రం తప్పు చెప్పదని నమ్మి, చిన్న చిన్న తపాలా కేంద్రాలు నడిపే తొమ్మిది వందల మందికి పైగా మనుషులను దొంగలుగా శిక్షించారు. కొందరు జైలుకు పోయారు. కొందరు ప్రాణాలు తీసుకున్నారు. తప్పు యంత్రానిదని తేలిన తరువాత, ఆ శిక్షలను రద్దు చేయడానికి 2024లో ప్రత్యేకంగా ఒక చట్టమే చేయవలసి వచ్చింది. వారిలో ఎందరో మొదటి రోజు నుండీ “నా లెక్క సరిగానే ఉన్నది” అని చెబుతూనే ఉన్నారు. ఆ మాట వినే అంచె ఆ వ్యవస్థలో లేదు. రేపు ఏదో ఒక వక్ఫ్ స్థలం “పోర్టల్‌లో లేదు గనుక వక్ఫ్ కాదు” అని ఎవరైనా అన్న రోజున, ఆ మాట వినే అంచె మనకు ఉంటుందా? మా భయం అది.

ఇక అధికారులకు మా విన్నపాలు. ఇవి ఖర్చుతో కూడినవి కావు. చాలావరకు ఒక ఉత్తర్వుతో అయ్యేవి.

ఒకటి. ఏ కొత్త వ్యవస్థనైనా రాష్ట్రమంతటా తెరవడానికి ముందు ఒక కష్టమైన మండలంలో పరీక్షించాలి. సులభమైన మండలంలో పరీక్షిస్తే సులభమైన జవాబే వస్తుంది. నాగాయలంకలో నడిస్తే ఎక్కడైనా నడుస్తుంది. ఆ పరీక్షలో దిగువ గుమాస్తాలను, సచివాలయ సిబ్బందిని, ఒక ముతవల్లీని, ఒక నూర్‌బాషా విద్యార్థిని, ఒక మత్స్యకార మహిళను కూర్చోబెట్టాలి. వారు ఎక్కడ ఆగిపోయారో వ్రాసుకోవాలి.

రెండు. రీసర్వే పూర్తయిన ప్రతి గ్రామానికీ పాత సర్వే నంబరు, కొత్త ఎల్‌పీఎం నంబరు, విస్తీర్ణం చూపే పొంతన పట్టికను రెవెన్యూ శాఖ వక్ఫ్ బోర్డుకూ, దేవాదాయ శాఖకూ అధికారికంగా ఇవ్వాలి. ఈ ఇబ్బంది మన ఒక్కరిది కాదు. గుడి మాన్యాలకూ, చర్చి స్థలాలకూ ఇదే చిక్కు ఉన్నది.

మూడు. ప్రభుత్వం దగ్గర ఇదివరకే ఉన్న సమాచారాన్ని ప్రజల చేత మళ్ళీ వ్రాయించకూడదు. ముందే నింపి, సరిచూసుకొమ్మని అడగాలి.

నాలుగు. ప్రతి పోర్టల్‌లోనూ రిమార్కుల కాలమ్ ఉండాలి. పేరు పొంతన లేనప్పుడు స్థానిక విచారణ జరిపి, కారణం వ్రాసి, తన పేరు పెట్టి ఆమోదించే అధికారం మండల స్థాయి అధికారికి ఇవ్వాలి. బాధ్యత అతనిదే కావాలి.

ఐదు. తిరస్కరించినప్పుడు కారణం తెలుగులోనూ, కోరినవారికి ఉర్దూలోనూ వ్రాతపూర్వకంగా ఇవ్వాలి. రాష్ట్రంలో 2022 నుండి ఉర్దూ రెండవ అధికార భాష. ఆ గౌరవం బోర్డుల మీద రంగుకే పరిమితం కాకూడదు.

ఆరు. ఎన్ని పూర్తయ్యాయో చూపే పట్టిక పక్కనే, ఎన్ని ఆగిపోయాయో, ఎందుకు ఆగాయో మండలాలవారీగా ప్రకటించాలి. ఆ రెండో పట్టిక లేనిదే మొదటిది సగం అబద్ధం. 2006 నాటి సచార్ కమిటీ జాతీయ సమాచార నిధిని ఏర్పాటు చేయమని సిఫారసు చేసింది ఇందుకే. లెక్కలోకి రానివాడి గోడు ఎవరికీ వినబడదు.

ఇవి దయాధర్మంగా అడుగుతున్నవి కావు. ప్రజలను ప్రభావితం చేసే ముఖ్యమైన విధానాలు రూపొందించేటప్పుడు సంబంధిత వాస్తవాలన్నీ ప్రకటించాలనీ, పరిపాలనా నిర్ణయాలకు కారణాలను బాధితులకు తెలియజేయాలనీ 2005 నాటి సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షను స్పష్టంగా చెబుతున్నది. మనం ఆ చట్టాన్ని ఎక్కువగా జరిగిపోయిన తప్పుల గురించి అడగడానికే వాడుకుంటున్నాము. జరగబోయే ప్రణాళికల గురించి అడగడానికి కూడా అది పనికివస్తుంది. కొత్త పోర్టల్ వస్తున్నదని పత్రికలో చదివిన రోజునే “దీని పరీక్ష ఎక్కడ చేశారు, ఎవరితో చేశారు” అని ఒక దరఖాస్తు పెట్టవచ్చు.

ఇక మన ఇంటి సంగతి. దీనిని దాచుకొని ప్రభుత్వాన్ని మాత్రమే తప్పుపట్టడం మాకు చేతకాదు. ఆరు నెలల గడువులో మొదటి నాలుగు నెలలు మనలో ఎంతమందిమి కదిలాము? “పొడిగిస్తారులే” అని కూర్చున్న కమిటీలు లేవా? మస్జిదు కాగితాలను సొంత బీరువాలో పెట్టుకొని, సాటి సభ్యులకు కూడా చూపించని ముతవల్లీలు లేరా? దుకాణాల అద్దె లెక్క జమాతు ముందు పెట్టడానికి ఇష్టపడనివారు పోర్టల్‌లో పెట్టడానికి ఇష్టపడతారా? వక్ఫ్ అంటే అల్లాహ్ పేరిట అప్పగించిన అమానత్ అని జుమా ప్రసంగాలలో వింటాము. అమానత్‌కు లెక్క ఉండాలి. ఆ లెక్క మన చేతిలో సిద్ధంగా ఉంటే ఏ గడువూ మనను భయపెట్టలేదు.

అందువల్ల ప్రతి మస్జిదు కమిటీ ఈ ఏడాది మూడు పనులు చేయాలని కోరుతున్నాము. తమ ఆస్తుల కాగితాలన్నింటినీ స్కాన్ చేయించి, కనీసం మూడు చోట్ల భద్రపరచాలి. డిగ్రీ చదివిన ఇద్దరు యువకులకు, వారిలో ఒక్కరైనా అమ్మాయి అయ్యేలా, ఈ పని అప్పగించాలి. పాత, కొత్త నంబర్లు, నాలుగు సరిహద్దులు, ప్రస్తుతం అనుభవిస్తున్నవారి పేర్లతో ఒక రిజిస్టరు వ్రాసి, ఏడాదికొకసారి జమాతు ముందు చదవాలి. ఆ రిజిస్టరులో చివరి కాలమ్ రిమార్కులకు వదలాలి. ఉప్పెనలో పోయిన పత్రం గురించీ, తాతగారు నోటితో చెప్పిన సరిహద్దు రాయి గురించీ అక్కడ వ్రాసి, పెద్దల సంతకాలు తీసుకోవాలి. ఆ పెద్దలు ఇంకా మన మధ్య ఉండగానే ఈ పని జరగాలి.

నెట్ సెంటరులోని పెద్దాయన సంగతి చెప్పి ముగిస్తాము. రాత్రి పదకొండు దాటిన తరువాత కువైట్ నుండి కొడుకు ఫోను చేసి ఓటీపీ చెప్పాడు. అప్పటికి దాని సమయం అయిపోయింది. మళ్ళీ తెప్పించాము. ఈసారి తెర తెరుచుకున్నది. రెండు నంబర్లలో ఏది వేయాలో తేలక, పాత నంబరు వేసి, కొత్త నంబరును జతపరచిన కాగితం మీద చేత్తో వ్రాసి పంపాము. అది ఇంకా తనిఖీలో ఉన్నది. ఆమోదమో, తిరస్కారమో తెలియదు. ఆ చేతి వ్రాతను అవతలి వైపు కూర్చున్న గుమాస్తా చదువుతాడనే ఆశతో ఆయన వారానికొకసారి మాకు ఫోను చేస్తున్నారు. ఆ గుమాస్తాకు చదివే సమయమూ, చదివి నిర్ణయించే అధికారమూ ఇవ్వమని మాత్రమే మేము ప్రభుత్వాన్ని కోరుతున్నాము.